తాడు నడుమ

మా నూ నది మీద రెండు రకాల తాళ్లుండేవి.
వాలు తాడైతే చింతలేదు.
కొయ్యబిళ్ళ పట్టుకుని కాళ్లు ముడుచుకుంటే
గాలే తీసుకెళ్లి అవతలి గట్టున దింపుతుంది.
మా ఊరిది సమం తాడు.
సగం దూరం జారుతావు, నవ్వుకుంటూ.
నడుమకొచ్చేసరికి నీ బరువుకి తాడు వంగుతుంది,
కింద బూడిదరంగు నీళ్లు నోరు తెరుస్తాయి.
మిగతా సగం
చేతులతో లాక్కోవాల్సిందే, మూర తర్వాత మూర.

ఫూసా పోయిన ఏడు నా చేతుల్లో బలం లేదు.
కొండచరియ. మొక్కజొన్న చేను. ఇంకేం చెప్పను.

ఆదివారం పొద్దున అవతల గంట మోగేది.
గంటంటే గంట కాదు, దూలానికి వేలాడేసిన లారీ రిమ్ము.
వినేదాన్ని.
పొయ్యిలో కట్టె ఎగదోసి
పందులకు కుడితి కలిపేదాన్ని.
ఇంట్లో కూర్చుని ప్రార్థిస్తే దేవుడు వినడా
అనుకునేదాన్ని.
వింటాడు.
అది కాదు సంగతి.

మూడో వారం ఆక్యీ తాత వచ్చాడు,
డెబ్బై రెండేళ్ల మనిషి, ఒక్కడే తాడు మీద.
వాక్యం చెప్తాడేమోనని మొహం ముడుచుకున్నాను.
చెప్పలేదు.
నా పక్కన కూర్చుని గింజలు వొలిచాడు, ఒక బుట్టెడు.
"నీ కంకులు ఈసారి చిన్నవే" అన్నాడు.
వెళ్తూ చెయ్యి కలిపి "హ్వా హ్వా" అన్నాడు.
మా లీసు విశ్వాసులం కలిసినా విడిపోయినా అదే మాట,
సమాధానమూ సంతోషమూ ఒకే గుక్కలో.
నేను తిరిగి అనలేదు.

మా గుడిలో వాయిద్యాలు లేవు, నాలుగు గొంతులే.
రెండో గొంతు నాదీ యూసానాదీ.
ఆమె పెళ్లై కొండలు దాటి బర్మా వెళ్లిపోయింది.
రెండో గొంతును ఎవరూ ఇంటికి పాడుకుంటూ వెళ్లరు,
అన్నంలో ఉప్పులాంటిది.

కోత పండుగ ముందు ఓ సాయంత్రం
నీళ్లకని ఏటి ఒడ్డుకు దిగితే
అవతల నేర్చుకుంటున్నారు పాట.
మూడో చరణంలో ఒక పాదం
రెండో గొంతు ఒంటరిగా పాడాలి.
అక్కడ ఆగారు.
ఆగి,
ఆ పాదం ఎంతసేపో అంతసేపూ ఊరుకున్నారు.
నది మాత్రమే వినబడింది.
తర్వాత మళ్లీ అందరూ, తాళం తప్పకుండా.
ఆ పిల్ల న్యీమాకి మంచి గొంతుంది, పాడగలదు.
పాడనివ్వలేదు.
నా కొలతకు కుట్టిన నిశ్శబ్దం
గుడి మధ్యలో అలాగే వేలాడేశారు.

బిందె నింపుకోవడం మర్చిపోయి వచ్చాను.

ఆ ఆదివారం తాడెక్కాను.
నడుమ దాకా బానే ఉంది.
తర్వాత చేతులు మాట వినలేదు.
కళ్లు మూసుకున్నాను, తాడు అదిరింది.
దాయో.
మా ఎద్దును అడిగి తీసుకెళ్లి
కుంటిదాన్ని తిరిగిచ్చినవాడు.
రెండేళ్లుగా మాకు మాటల్లేవు.
అతను గట్టు మీద నిలబడి నాకు ధైర్యం చెప్పలేదు,
వంగిన చోటికే జారి వచ్చాడు.
నా నడుం పట్టీ పిడికిట బిగించి
రొప్పుతూ వెనక్కి లాక్కెళ్లాడు, మూర తర్వాత మూర.
"బరువెక్కావు ఆచా" అన్నాడు.
"ఎద్దు సంగతేంటి" అన్నాను.

ఇప్పుడు సిమెంటు వంతెన వచ్చింది.
మోటారు సైకిళ్లు పోతాయి, పిల్లలకు తాడంటే తెలీదు.
గుడికి రావడం ఎంత తేలికో.
అయినా దాయో మూడు ఆదివారాలుగా రాలేదు.
కొడుకు జైలులో, సీసా చేతిలో అంటున్నారు.
నాలుగో గొంతులో ఎప్పుడూ శ్రుతి తప్పేది అతనొక్కడే;
ఆ చోటు ఖాళీగానే ఉంచాం.

ఇవాళ వంతెన నడిచి దాటాను, ఖాళీ బుట్టతో.
తలుపు తీసి మొహం ముడుచుకున్నాడు.
నేనేమీ అనలేదు. కింద కూర్చున్నాను.
అతని కంకులూ
ఈసారి చిన్నవే.